గద్ద కళ్ళ వారిక్

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న సింప్సన్ ఎడారిలో వారిక్ ట్రెగెన్జా అంత చూపున్న మనిషి ఇంకొకడు లేడని వయాలా ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. దిబ్బ అవతలి వాలులో గుంత ఉందని అతనన్నాడంటే ఉన్నట్టే. ఎండలో పడుకున్న ఉడుము తోక ఆడిస్తే ఏ వైపుకి ఆడించిందో కూడా చెబుతాడట. అతని బండి ముందు పోతుంటే వెనకవాళ్ళు కళ్ళు మూసుకుని నడపొచ్చని స్నేహితుడు రెక్స్ ఏటా బార్లో బల్ల గుద్ది మరీ చెబుతాడు. వినేవాళ్ళందరూ అవునవునంటారు. గ్లెనిస్ ఒక్కతే బీరు గ్లాసులోకి చూస్తూ కూర్చుంటుంది. గ్లెనిస్ వారిక్ భార్య. ఆ చూపు మొత్తం ఆవిడది.

సంగతేమిటంటే వారిక్‌కి కళ్ళు పోతున్నాయి. పూర్తిగా కాదు. పక్కలు బాగానే కనబడతాయి, నడిమధ్యలోనే మసక. ఎదుటి మనిషి చెవులు రెండూ కనబడతాయి, మొహం కనబడదు. పోయిన చూపు ఇక రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం, స్టీరింగు మాత్రం ఇకమీదట ముట్టుకోవద్దు అని అడిలైడ్‌లో కంటి డాక్టరమ్మ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. వారిక్ ఎంతో శ్రద్ధగా తలూపాడు. తలూపి, బయటికి వచ్చి, డ్రైవరు వైపు తలుపు కోసం తడుముకున్నాడు.

ఊళ్ళో అయితే గ్లెనిసే నడుపుతుంది. అడిగినవాళ్ళకి వారిక్‌కి నడుంనొప్పి అని చెబుతారు. ఎడారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నడుంనొప్పి మాయమవుతుంది. ఏటా చలికాలంలో ముగ్గురు స్నేహితులు మూడు బళ్ళేసుకుని దిబ్బలు దాటి అవతలి బర్డ్స్‌విల్ ఊరికి వెళ్ళడం, అందులో వారిక్ బండి ముందు నడవడం ఉక్కు కర్మాగారంలో ముగ్గురూ కుర్రాళ్ళుగా చేరిన నాటి నుంచీ వస్తున్న ఆచారం. ముందు బండి ఎవరిదన్నది వాళ్ళకి ప్రధానమంత్రి పదవి కన్నా పెద్ద విషయం. ఆ పదవి మొగుడి చేతిలోంచి లాక్కోవడానికి గ్లెనిస్‌కి మనసొప్పలేదు. ప్రేమ అనండి, బుద్ధిలేనితనం అనండి, ఆవిడైతే రెండూ అనుకునేది.

అందుకని ఇద్దరూ ఒక పద్ధతి కనిపెట్టారు. గ్లెనిస్ పక్క సీట్లో ముందుకు వంగి కూర్చుంటుంది.

"చక్రాలు గాడిలోనే ఉంచు," అంటుంది. "పైన కుడివైపు ఇసుక మెత్తన. దిగేచోట అడ్డంగా గుంత. జెండాలేం లేవు, ఎక్కెయ్."

వారిక్ ఎక్కేస్తాడు. ఎక్కి, రేడియో మైకు నోటి దగ్గర పెట్టుకుని, గొంతు కాస్త బరువు చేసుకుని, "కుర్రాళ్ళూ, పైన కుడివైపు ఇసుక మెత్తన. దిగేచోట అడ్డంగా గుంత. జాగ్రత్త," అంటాడు.

ఆ చివరి జాగ్రత్త ఒక్కటే అతని సొంతం.

అన్నిటికన్నా ముఖ్యం జెండాలు. దిబ్బ ఎక్కేటప్పుడు మధ్యలో ఆగితే బండి కూరుకుపోతుంది, ఊపు మీద ఎక్కాలి. అవతలి నుంచి ఇంకొకడు అదే ఊపు మీద ఎక్కుతుంటే ఇద్దరూ సరిగ్గా నెత్తి మీద కలుసుకుంటారు. అందుకే ప్రతి బండికీ పొడుగాటి కర్ర, దాని కొసన నారింజరంగు జెండా. బండి కన్నా ముందు జెండా పైకి వస్తుంది. చూసినవాడు బతుకుతాడు. సరిగ్గా ఆ జెండా వచ్చే చోటే, నడిమధ్యలో, వారిక్‌కి మసక.

ఈ ఏర్పాటులో ఒక్కటే చిక్కు. మైకు బటన్‌లో ఇసుక దూరి అప్పుడప్పుడూ నొక్కింది నొక్కినట్టే ఉండిపోయేది. అప్పుడు గ్లెనిస్ మాటలన్నీ వెనక బళ్ళలోకి నేరుగా వెళ్ళిపోయేవి. ఎడమకి, కుడికి, నెమ్మది, అటు కాదు, ఇటు, వినపడుతోందా, అని ఒక ఆడగొంతు ఎడతెరిపి లేకుండా.

"వాజా," అనేవాడు రెక్స్, రేడియోలో పగలబడి నవ్వుతూ. స్నేహితులకి వారిక్ అంటే వాజానే. "నీ బండికి రెండు స్టీరింగులున్నాయిరా. ఒకటి గుండ్రంగా ఉంటుంది, రెండోదానికి నోరుంటుంది."

"ఆ రెండోది మా ఇంట్లోనూ ఉండేదిరా," అనేవాడు మూడో బండిలోంచి ఇంకో స్నేహితుడు, మరే అతని పేరు. "వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నాకు దారి బాగానే తెలుస్తోంది."

"ఏం చేస్తాంరా, పెళ్ళన్నాక భరించాలి," అనేవాడు వారిక్.

రెక్స్ ఎగతాళి గ్లెనిస్‌కి పెద్దగా తగిలేది కాదు. పాపం వాళ్ళకేం తెలుసు అనుకునేది. వారిక్ అనే ఆ ఒక్క ముక్క మాత్రం దిబ్బ దిబ్బకీ గుచ్చుకునేది. గుచ్చుకున్నా తర్వాతి దిబ్బ రాగానే మళ్ళీ ముందుకు వంగేది. వంగకపోతే చచ్చేది ఇద్దరూ.

ఈ ఏడు బయల్దేరే ముందు ఆవిడ ఒక షరతు పెట్టింది. ఇదే ఆఖరి ప్రయాణం. ఎడారిలో చివరి సాయంత్రం మంట దగ్గర కూర్చుని, వారిక్ తన నోటితో తానే స్నేహితులకి నిజం చెప్పాలి. గ్లెనిస్ చెప్పకూడదు, డాక్టరు కాగితం చెప్పకూడదు, అతనే చెప్పాలి. "సణిగే పెళ్ళాన్ని అని పేరు పెట్టించావుగా, దాన్ని నువ్వే తీసెయ్," అంది. వారిక్ సరే అన్నాడు. వంటింటి బల్ల మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాడు.

ఆ చివరి సాయంత్రం, మూడు రాష్ట్రాల హద్దులు కలిసే పోపెల్ కార్నర్ దాటాక ఒక ఉప్పుచెరువు ఒడ్డున దిగారు. తెల్లారితే బర్డ్స్‌విల్. రెక్స్ ఇనప కుండలో పిండి పెట్టి నిప్పుల మీద రొట్టె కాల్చాడు. అడుగు మాడింది. రొట్టె అడుగు మాడితేనే రుచి అని ఏటా చెప్పే మాట ఈ ఏడూ చెప్పాడు. మరే వేటమాంసం కూర వేడిచేశాడు. గ్లెనిస్ ఆకలి లేకపోయినా గిన్నె పట్టుకుని, మొగుడి నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ కూర్చుంది. నోరు తెరుచుకుంది, రొట్టె లోపలికి వెళ్ళింది, మళ్ళీ మూసుకుంది.

"ఇవాళ ఆ ఒంటెని చూశావు చూడు వాజా," అన్నాడు రెక్స్. "అంత దూరం నుంచి! నాకు దగ్గరికి వెళ్ళాక గానీ కనబళ్ళేదు. ఏం తింటావురా నువ్వు?"

"క్యారట్లు," అన్నాడు వారిక్ వినయంగా.

గ్లెనిస్ గొంతు సవరించుకుంది. వారిక్ ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ చెవులైతే కనబడే ఉంటాయి. మళ్ళీ మంట వైపు తిరిగాడు.

"వచ్చే ఏడు ఇంతకన్నా పెద్దది ఏదైనా పెట్టుకుందామా?" అన్నాడు మరే. "క్యానింగ్ దారి. పడమర దాకా. వయసు మీద పడుతోంది, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

"బాగానే ఉంటుంది," అన్నాడు రెక్స్ కొంచెం ఆగి. "ముందు ఎవరు నడుపుతారు మరి?"

అంతకన్నా తేలికైన సందు ఏ మనిషికీ దొరకదు. తలుపు బార్లా తీసి, లోపలికి రా నాయనా అని చెయ్యి పట్టుకుని పిలిచినట్టుంది.

"నేనే. ఇంకెవరు?" అన్నాడు వారిక్.

రెక్స్, మరే ఒకరినొకరు చూసుకుని రొట్టె మీద పడ్డారు. గ్లెనిస్ లేచి గిన్నెలన్నీ పోగేసుకుని బండి వెనక్కి వెళ్ళింది. కాసేపటికి వారిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడవడానికి.

"చెప్దామనే అనుకున్నా గ్లెన్. సందర్భం కుదర్లేదు."

"కుదర్లేదా? ఇంకేం కావాలి, బ్యాండు మేళమా?"

"అది కాదు. చెప్తే వాళ్ళు జాలిగా చూస్తారు. ఆ చూపు నేను చూడలేను."

"నువ్వెలాగూ చూడలేవులే," అంది గ్లెనిస్.

అన్నాక ఆవిడకే నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండిటినీ గిన్నెల నీళ్ళతోపాటు ఇసుకలో పారబోసింది.

"విను వారిక్. రేపు నేను నోరు తెరవను. ఒక్క ముక్క చెప్పను. నీ కళ్ళు, నీ దిబ్బలు, నీ స్నేహితులు. కనబడదని వాళ్ళకి చెప్పి తాళం నాకిస్తావో, గద్ద కళ్ళేసుకుని నువ్వే నడుపుతావో, నీ ఇష్టం."

వారిక్ నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ రాత్రి బెదిరింపు ఏదీ పొద్దుటి అల్పాహారం దాటలేదు.

పొద్దున్నే టీ తాగి, టైర్లలో గాలి సరిచూసుకుని బయల్దేరారు. వారిక్ తొలి దిబ్బ కింద బండి ఆపి, అలవాటుగా తల కొంచెం ఎడమకి వంచి చెవి అప్పగించాడు. గ్లెనిస్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీలోంచి స్పినిఫెక్స్ గడ్డి పొదలను చూస్తోంది. వాటిని చూడటానికే డబ్బిచ్చి వచ్చినంత నిదానంగా.

"గ్లెన్?"

ఆవిడ ఇంకో పొదని చూసింది. అతను నిట్టూర్చి, పక్కచూపుతో గాడి అంచులు పట్టుకుని, బండిని ఊపు మీద ఎక్కించాడు. ఎక్కింది. రెండోదీ ఎక్కింది. ఎక్కేకొద్దీ ధైర్యం వచ్చింది. ధైర్యం వస్తే రేడియో కూడా గుర్తొస్తుంది కదా.

"కుర్రాళ్ళూ, దిగేచోట ఎడమవైపు పెద్ద గుంత. కుడికి తిప్పుకోండి. జాగ్రత్త," అన్నాడు.

అక్కడ గుంతా లేదు, గొయ్యీ లేదు. జల్లించిన పిండిలా నున్నటి ఇసుక. చాలాసేపు గుంతల మాటే ఎత్తకపోతే అనుమానం వస్తుందని అతనే ఒకటి తవ్విపెట్టాడు. గ్లెనిస్ నోరు తెరవబోయి, మాట గుర్తొచ్చి మూసుకుంది. అద్దంలో చూసింది. రెక్స్ బండి దిబ్బ నెత్తి మీదికి వచ్చి, లేని గుంతను తప్పించుకోవడానికి ఎంతో ఒడుపుగా కుడికి తిరిగి, ఉన్న మెత్తటి ఇసుకలో ఇరుసుల దాకా కూరుకుపోయింది.

అందరూ దిగి పారలతో తవ్వారు. మరే బండికి పట్టీ కట్టి లాగారు. రెక్స్ చెమట తుడుచుకుంటూ వారిక్ వీపు మీద చరిచాడు.

"బతికించావురా. ఆ గుంతలో పడుంటే నా బండి ముక్కలయ్యేది."

గ్లెనిస్ ఆ నున్నటి ఇసుకనీ, రెక్స్ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఇంత దొడ్డ మూర్ఖుడితో ఇన్నేళ్ళు ఎలా స్నేహం చేశామా అనుకుంది. వారిక్ మాత్రం పొంగిపోయాడు. బండెక్కాక ఈల కూడా వేశాడు.

ఆ తర్వాతి దిబ్బ పెద్దది. నిట్టనిలువుగా ఉంది. వారిక్ కింద ఆగలేదు. ఈల మీదే ఊపందుకుని, గేరు తగ్గించి, మైకు నొక్కి, "దారి ఖాళీ, వచ్చేయండి," అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో! టీలో పంచదార చాలు అన్నంత మామూలుగా. చూడలేదు, చూడలేడు, చూడలేనని అతనికీ తెలుసు. అయినా దారి ఖాళీ అన్నాడు. గ్లెనిస్ కిటికీ వదిలి ముందుకు తిరిగింది. అప్పటిదాకా ఆవిడ అతన్ని పిరికివాడనుకుంది. అంతకన్నా పెద్ద మాట అనుకోలేదు.

అప్పుడే సరిగ్గా నడిమధ్యలో, దిబ్బ నెత్తి మీద, నారింజరంగు ముక్క ఒకటి రెపరెపలాడింది.

"ఆపు!"

ఎడారంతా వినబడేట్టు అరిచింది. వారిక్ ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు, రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఇసుకలో ముక్కు పాతుకుని ఆగింది. అవతలి బండి పైకి వచ్చి, ఆకాశంలోకి లేచి, ఇటు వాలి, కొయ్యగుర్రంలా పక్కకి జారి, వాళ్ళ బంపరుకి చెయ్యెడు దూరంలో నిలిచింది. వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

ఆ పిల్లల తల్లి దిగి వచ్చింది. పిల్లల పాటల కోసం రేడియో ఆపేశానని, తప్పు తనదేనని, మీరు మా జెండా చూసి ఆగారు కాబట్టి సరిపోయిందని వారిక్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. రెక్స్, మరే రొప్పుకుంటూ కాలినడకన పైకి వచ్చారు.

"చూశావా, గద్ద కన్నంటే గద్ద కన్నే!" అన్నాడు రెక్స్. గొంతు మాత్రం ఎందుకో పీలగా ఉంది.

గ్లెనిస్ వారిక్ వైపు చూసింది. ఇంకొక్క అవకాశం. ఆ పిల్లల కోసమైనా చెప్పు అనుకుంది.

"ఏదో, అదృష్టం," అన్నాడు వారిక్.

అంతే, గ్లెనిస్ ఆగలేకపోయింది.

"అదృష్టం కాదు, నేను. ఆయనకి జెండా కనబళ్ళేదు. ఏ జెండా కనబడదు. కళ్ళు పోయాయి. ఇన్నాళ్ళూ మీకు రేడియోలో వినిపించిందంతా నేను చూసి చెప్పిందే. నమ్మితే నమ్మండి, లేకపోతే అది కూడా సణుగుడనుకోండి."

వాళ్ళు నవ్వుతారనుకుంది. నవ్వలేదు. ఆశ్చర్యమూ పోలేదు. రెక్స్ బూటుతో ఇసుక కెలుకుతున్నాడు. మరే టోపీ తీసి లోపలికి చూస్తున్నాడు.

"మాకు తెలుసు గ్లెన్," అన్నాడు మరే.

"ఏం తెలుసు?"

"అదే. ఆ ఏడు డల్‌హౌసీ ఊట దగ్గర వీడు టీ నా కప్పులో పొయ్యబోయి బూటులో పోశాడు చూడు, అప్పటినుంచీ. మైకు అలా ఉండిపోయినప్పుడు నీ మాటలు విని మేం వాటిని బట్టే నడిపేవాళ్ళం. నువ్వున్నావన్న ధైర్యంతోనే వెనక వచ్చాం. నిన్న క్యానింగ్ మాట కూడా వీడు చెప్తాడేమోనని కావాలనే ఎత్తా."

"ఇందాక అక్కడ గుంత లేదని నాకు కనబళ్ళేదా ఏంటి?" అన్నాడు రెక్స్ నేల చూపులు చూస్తూ. "వాడు ఉందన్నాడు కదాని తిప్పాను. వాడు చిన్నబుచ్చుకుంటాడని."

గ్లెనిస్‌కి ఒక్కో మాటా ఆలస్యంగా, ఒకదాని తర్వాత ఒకటి తగులుతోంది. లేని గుంత కోసం బండిని ఇసుకలో పాతిపెట్టుకున్న స్నేహం! ఎంత సుకుమారం, ఎంత జాగ్రత్త! కన్నతల్లి కూడా అంత కనిపెట్టుకుని చూడదు.

"వాడు చిన్నబుచ్చుకుంటాడని," అంది ఆవిడ నెమ్మదిగా. "బాగుంది. మరి నేను?"

రెక్స్ బూటు మళ్ళీ ఇసుకలోకి వెళ్ళింది.

"తెలియక నవ్వుతున్నారులే పాపం అనుకుని ఇన్నాళ్ళూ క్షమించేశాను. తెలిసే నవ్వారన్నమాట. రెండో స్టీరింగని, నోరుందని. ఆయన పరువు కాపాడటానికి మీ ముగ్గురికీ నేను దొరికాను. ఒక్కడైనా, ఒక్కసారైనా, పక్కకి వచ్చి 'థాంక్స్ గ్లెన్' అనలేకపోయారా?"

"నీ మనసు పెద్దదని..." మొదలెట్టాడు రెక్స్.

"నోర్ముయ్ రెక్స్."

నోరు మూశాడు. కానీ ముందు బండి పదవి ఖాళీ అయిందన్న సంగతి అతని బుర్రలో అప్పుడే వెలిగినట్టుంది. ఆ పిల్లల తల్లి ఇంకా తన బండి దాకా వెళ్ళనే లేదు, రెక్స్ మాత్రం తేరుకుని, "సరే, ఇక్కణ్ణుంచి నేను ముందు పోతాను, గ్లెన్ మధ్యలో నెమ్మదిగా..." అన్నాడు.

వారిక్ బండిలోకి వంగాడు. తాళం తీసుకుంటున్నాడనుకున్నారు. మైకు తీశాడు. పదో ఛానెల్. ఆ వేళ ఎడారిలో తిరుగుతున్న ప్రతి బండీ వినేది దాన్నే.

"అందరికీ," అన్నాడు. గొంతు బరువు చేసుకోలేదు. "నేను వారిక్ ట్రెగెన్జాని. నాకు కళ్ళు కనబడవు. రెండేళ్ళయింది. ఇప్పుడే దారి ఖాళీ అని చెప్పాను. చూడకుండా చెప్పాను. ఇద్దరు పిల్లల్ని చంపబోయాను. చూసింది నా భార్య గ్లెనిస్. ఇప్పుడే కాదు, ఎప్పుడూ ఆమే చూసింది. ఆమెను ఎగతాళి చేస్తుంటే నేనూ నవ్వాను. అంతే." బటన్ వదిలేశాడు. కాసేపు గరగర. తర్వాత ఎక్కడో దూరం నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, "విన్నాం మిత్రమా," అన్నాడు.

వారిక్ తాళం తీసి చాచాడు. కొంచెం పక్కకి చాచాడు, గ్లెనిస్ ఉన్న వైపు కాదు, ఆవిడ చెవి ఉన్న వైపు. ఆవిడ వెంటనే అందుకోలేదు. అందుకుంటే కోపం పోయిందనుకుంటారు. కోపం పోలేదు. పోవడానికి చాలా కాలం పడుతుందనిపించింది. ఆ మాట ఖాయం చేసుకున్నాక అందుకుంది.

అవతలి బండి కిందికి దిగిపోయేదాకా ఆగి, డ్రైవరు సీట్లోకి ఎక్కింది. వారిక్ బండి చుట్టూ తిరిగి, బానెట్టు తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. రెక్స్ మారుమాట్లాడకుండా తన బండిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ బండిని వెనక్కి దించి, ఊపు తీసుకుని ఎక్కించింది. పైకి చేరాక ఆపేసింది. అక్కడ ఆపకూడదు. అయినా ఆపింది.

ముందు ఎర్రటి దిబ్బలు ఒకదాని వెనక ఒకటి, వాటి సందుల్లో ఉప్పుచెరువులు తెల్లగా, ఒక గద్ద గాలిలో కదలకుండా. గుంత ఎక్కడ, ఇసుక మెత్తన ఎక్కడ, జెండా ఉందా అని వెతకకుండా ఆవిడ ఈ ఎడారిని ఎన్నడూ చూడలేదు.

"గ్లెన్," అన్నాడు వారిక్ భయం భయంగా. "ఏం కనబడుతోంది?"

"చెప్తాలే," అంది గ్లెనిస్. "ముందు కాసేపు నా కోసం నన్ను చూసుకోనీ."